జాడీలో పుట్టిన పులుపు

పుష్యమాసపు చలి గోదావరి గట్టు దిగి వీధులలోనికి వచ్చిన యొకనాటి రాత్రి, రాజమహేంద్రవరమున మా యింటి వంటగదిలో దీపమార్పి పడుకొనబోవుచుండగా, మూలనున్న ఆవకాయజాడీ సన్నగా చప్పుడు చేసెను. చెవియొగ్గి వింటిని. వాసెన గుడ్డ క్రింద ఆగి ఆగి బుడుక్కు బుడుక్కుమని ఏదో పొంగుచున్నది. మూడు దినములకు ముందు ఆ జాడీలో నేను పెట్టినది రెండు కిలోల క్యాబేజీయు, నలుబది గ్రాముల కల్లుప్పును మాత్రమే. అందులో చుక్క నీరైనను పోసి యుండలేదు. నిన్నటివరకు మౌనముగా నున్న జాడీ యిప్పుడు పలుకుచున్నది గదా యని నేను పొంగిపోవుచుండ, మా అమ్మ మంచముమీది నుండియే, "అది ఆవకాయ జాడీరా అబ్బాయ్, కంపు పట్టిందంటే మళ్ళీ దేనికీ పనికిరాదు, పారబోసెయ్" అనెను.

ఆమె భయము అకారణము కాదు. మన యిండ్లలో జాడీ బుడగలెత్తుట యనగా ఆ యేటి ఊరగాయ చేజారిపోవుటయే. మామిడిముక్క తన పులుపును తనతోనే తెచ్చుకొని జాడీలో ప్రవేశించును. ఉప్పు, ఆవపిండి, కారము, పైన తేలు నువ్వులనూనె, ఇవన్నియు ఆ పులుపును ఉన్నదున్నట్లు కావలి కాయుటకే కాని క్రొత్తగా పుట్టించుటకు కావు. జాడీలో ఏ ప్రాణియు మెదలకుండుటయే మన యూరగాయకు యోగక్షేమము. నేను పెట్టిన జాడీ ధర్మమో, దీనికి సరిగా ఎదురుధర్మము. దానిలోనికి పోవునప్పుడు క్యాబేజీ ఆకు కమ్మగా, తియ్యగా, నీరునీరుగా నుండును. వెలికి వచ్చునప్పుడు నోరూరు పులుపుతో వచ్చును. ఆ పులుపు ఏ చెట్టునను కాయలేదు, ఎవ్వరును పోయలేదు. జాడీ గర్భముననే పుట్టినది.

జర్మనులు దీనిని సౌర్‌క్రౌట్ అందురు. సౌర్ అనగా పుల్లనిది. క్రౌట్ అనగా ఆకు, మూలిక, వాడుకలో క్యాబేజీ. మాట విని భయపడ నక్కరలేదు. తెనుగున దానికి 'పుల్లకూర' యనుట కంటె వేరు మాట యేల? మన తాతలనాడు కూర యనగా ఆకే గదా. తోటకూర, బచ్చలికూర, పాలకూర లన్నియు ఆ యర్థమును నేటికిని నిలుపుకొనియే యున్నవి. గోగు ఆకు కూరయైనందుననే గోంగూర యైనది. పొరుగున తమిళులు మన గోంగూరను పుళిచ్చ కీరై యందురు, అనగా పులిసిన ఆకుకూర. జర్మను మాటకును, ఆ తమిళపు మాటకును అర్థము అక్షరాల ఒక్కటే. ఏ సముద్రములకు ఆవలివారో, ఏ సముద్రములకు ఈవలివారో, పుల్లని ఆకును కొవ్విన మాంసముతో కలిపి యుడికింపవలెనని ఒకరినొకరు అడుగకయే తెలిసికొనిరి. ఈ వ్యాసమునకు ప్రేరణ ఆ యాశ్చర్యమే.

జాడీలో జరిగినది మన వంటయింటికి క్రొత్తదియును కాదు. క్యాబేజీ ఆకును సన్నగా తరిగి ఉప్పుతో నలిపినప్పుడు ఆకులోని నీరు ఊరి వెలికి వచ్చును. ఆ నీటిలో ఆకు మునిగియున్నంత కాలము గాలి సోకదు. గాలి లేనిచోట కుళ్ళు పుట్టించు జీవులు అణగియుండగా, ఆకునంటి వచ్చిన కొన్ని సూక్ష్మజీవులు మాత్రము ఆకులోని తీపిని తిని లాక్టికామ్లముగా మార్చును. వానిలో మొట్టమొదట పనికి పూనుకొనునది ల్యూకోనాస్టాక్ మెసెంటెరాయిడిస్ అనునది. ఆ బుడగలు దానివే. పేరు పలుకుటకు కష్టముగా నున్నను, మనకిది చిరపరిచిత. రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీపిండిని తెల్లవారునప్పటికి గిన్నె అంచు దాటించునదియు ముఖ్యముగా నిదియే. మా అమ్మకు ఈ మాట చెప్పితిని. ఆమె కొంతసేపు యోచించి, "అయితే తరవాణి కుండ లాంటిదన్నమాట" అనెను. నేను చదివి తెలిసికొన్న దానిని ఆమె ఒక్క మాటలో కట్టి పెట్టినది. గంజియు అన్నమును పులియబెట్టి, పొద్దున్నే పొలమునకు పోవువారికి ఆ పుల్లనీటితో చద్ది కలిపిన తల్లులకు ఈ విద్య యెవ్వరు నేర్పవలెను?

అయినను నా మొదటి జాడీ చెడినది. దానిని భాద్రపదమున, ఉక్క చల్లారని దినములలో పెట్టి, ఆరోగ్యమను మిషతో ఉప్పు తగ్గించితిని. అయిదవ నాటికి ఆకు జిగురుపట్టి, వ్రేళ్ళ నడుమ సాగి, ముక్కు మూసికొనవలసి వచ్చినది. ఈ పనిలో ఉప్పు రుచికొఱకు కాదు, కాపలాకొఱకు. ఆకు తూకమునకు నూటికి రెండు పాళ్ళకు తక్కువ కారాదు, రెండున్నరకు మించ నక్కరలేదు. ఎండ ముదిరిన కొలది పులియుట వేగపడి ఆకు మెత్తబడును గనుక, మన డెల్టాలో ఈ పనికి మార్గశిర పుష్యములే తగిన కాలము. గట్టి గడ్డలు సంతకు రాశులుగా వచ్చునదియు అప్పుడే. రెండవ మారు పై రెండాకులను తీసి దాచి, గడ్డను నాలుగు చెక్కలు చేసి, మొదలు కోసివేసి, కత్తిపీట ముందు కూర్చుండి పొట్లకాయ చక్రములకంటె సన్నగా తరిగితిని. ఉప్పు చల్లి పది నిమిషములు రెండు చేతులతో పిసుకగా, పళ్ళెము నిండ పొడిగా కుప్పవడియున్న ఆకు సగమునకు అణగి, చేతి క్రింద చప్పుడు మారి, ముంజేతుల దాక నీరు కారినది. దానిని జాడీలో పిడికిలితో కూరి, దాచిన ఆకులను మీద కప్పి, కడిగి ఆరబెట్టిన సన్నికల్లు పొత్రమును వానిపై నిలిపితిని. నీరు ఆకుపై అంగుళము మేర నిలిచెను. ఆ అంగుళమే జాడీకి ప్రాణము. ఎప్పుడైనను పైన తెల్లని పలుచని పొర కట్టినచో గరిటెతో తీసివేసిన చాలును. జిగురో, రంగురంగుల బూజో, దుర్గంధమో కనబడినచో మాత్రము సంకోచింపక పారవేయవలెను. పదునారవ దినమున వాసెన విప్పగా, పచ్చిమామిడి తరిగిన గదిలోని వాసన వంటి వాసన వచ్చినది. ఆకు గడ్డిరంగు పసుపునకు తిరిగి, పంటి క్రింద ఇంకను కరకరలాడుచుండెను.

ఈ ఆకునకు ఓడలమీద గడిచిన చరిత్ర యొకటి కలదు. నెలల తరబడి నీటిపై నుండి, పచ్చని ఆకు ముఖము చూడని నావికులకు చిగుళ్ళు వాచి, పాతగాయములు తిరుగబడి, స్కర్వీ యను రోగముతో ప్రాణములు పోవుచుండెడివి. 1768లో ఎండెవర్ నౌకపై దక్షిణసముద్రములకు బయలుదేరిన కెప్టెన్ జేమ్స్ కుక్ పీపాలకొలది పుల్లకూరను వెంట గొనిపోయెను. నావికులు దానిని ముట్టమనిరి. ఆయన కొరడా ఝళిపింపలేదు. ప్రతిదినము తన యధికారుల బల్లపై దానిని వడ్డింపజేసి, తక్కినవారు తినుట మానుట వారి యిష్టమనెను. పెద్దలు మెచ్చి తినుట చూచి, వారము తిరుగక మున్నే నావికులందఱును దానికై యెగబడగా, కడకు తలకింతయని కొలిచి పెట్టవలసి వచ్చినదట. నావికుల యారోగ్యరక్షణకై చేసిన కృషికి గాను 1776లో రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకము నిచ్చెను. క్యాబేజీలోని విటమిన్ సి పులిసిన తరువాతను చాలవరకు నిలిచియుండుటయే అందలి గుట్టు.

మన రాజమహేంద్రవరమునకును ఆ పుల్లకూర పుట్టిన నేలకును ఒక బాట కలదు. 1845లో ఇచ్చట లూథరన్ మిషన్‌ను నెలకొల్పినది ఉత్తర జర్మనీ మిషనరీ సంఘమువారు. కొలది యేండ్లకే అది అమెరికా లూథరన్ల చేతికి వచ్చినది. ఆ లూథరన్ల తరఫున 1842లో గుంటూరు చేరిన మిషనరీ ఫాదర్ హేయర్ పుట్టినది జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పట్టణమున, 1793లో. రాజమహేంద్రవరపు మిషన్ వేఱొక సంఘము చేతికి పోబోవుచున్నదని విని, 1869లో డెబ్బదియాఱేండ్ల వయస్సున ఆ వృద్ధుడు మరల ఓడయెక్కి సముద్రములు దాటి వచ్చెను. నేడు ఆంధ్రా ఇవాంజెలికల్ లూథరన్ చర్చికి చెందిన గోడల ప్రక్కగా పోవునప్పుడెల్ల, బాల్యమున తల్లి చేతి పుల్లకూర తిని పెరిగిన నాలుకతో ఆయన మన గోంగూరను తొలిసారి చవిచూచిన ముద్దను నేను ఊహించుకొందును. అన్యదేశమున మనిషికి ముందుగా ఇల్లు జ్ఞాపకము చేయునది పులుపు. పరదేశములందున్న మనవారు సామానులలో ముందుగా సర్దుకొనునది గోంగూర సీసాయే గదా.

ఆ గోంగూర సంగతి. మా అమ్మమ్మ పాలకొల్లు ప్రాంతపు మనిషి. ఆమె చేతి గోంగూర వేటమాంసమునకు బంధువులు బండ్లు కట్టుకొని వచ్చెడివారు. మేకమాంసమును మేము వేటమాంసమనియే యందుము. వేట మాని యెన్ని తరములైనను మాట మానలేదు. ఆమె ఎఱ్ఱకాడ గోంగూరనే కోరి తెప్పించెడిది. తెల్లదానికి పులుపు చాలదనును. ఆకును కడిగి, నీరు వాడ్చి, చుక్కనూనెలో పచ్చిమిరపకాయలతో మగ్గబెట్టి, పప్పుగుత్తితో మెదిపి వేఱుగా నుంచును. ఉల్లిపాయలు, అల్లము వెల్లుల్లి ముద్ద, ధనియాల పొడి, కారములతో మాంసము ముప్పాతికవంతు ఉడికి, నూనె తేలినప్పుడే ఆ గోంగూరను కలుపును. చిన్ననాడు నేను త్వరపడి గిన్నె అందీయబోగా చేయి పట్టుకొని ఆపి, "తొందరపడకురా నాన్నా. పులుపు ముందే పడితే ముక్క బిగదీసుకుంటది. పప్పులో చింతపండు ముందేస్తే పప్పు ఉడుకుతుందేంట్రా?" అనెను. వైశాఖపు టెండలకు ముందే ఆమె నీడన ఆరబెట్టి ఉప్పుతో దంచి జాడీకెత్తిన నిలవ గోంగూర, ఆకుకూర దొరకని ఆషాఢపు ముసురులో మాంసమునకు తోడై వచ్చెడిది. ఆ దినములలో ఆ కూరకు మరింత రుచి. పులుపు జాడీలో సిద్ధముగా నున్న యింట చుట్టము వేళగాని వేళ వచ్చినను ఇల్లాలికి కంగారుండదు.

పులుపు కొవ్వును విరుచును. తిన్న రెండు ముద్దలకే నాలుకపై పొరగట్టి వెగటు పుట్టించు కొవ్వు, పులుపు తోడుండగా ఇరువది ముద్దలవరకును క్రొత్తగనే యుండును. చేపకు చింతపండు, రొయ్యకు చింతచిగురు, మెత్తళ్ళకు మామిడికాయ తోడుచేసిన గోదావరివారికి ఈ మర్మము వేఱుగా చెప్ప నక్కరలేదు. మాంసములలో అన్నింటికంటె కొవ్విన పందిమాంసమునకు జర్మనులు, పోలండువారు, అల్సాసువారు పుల్లకూరనే తోడు చేయుట ఇందువలననే.

పందిమాంసము మన సీమలో అందఱిండ్ల వస్తువు కాదు. మతము నిషేధించినవారును, వీధులవెంట తిరుగు పందులను చూచి రోసినవారును పెక్కురు. వారి యెడ నాకు గౌరవమే. మన్యపు కొండలలో కోయలకు, కొండరెడ్లకు అది పండుగ భోజనము. అడవిపంది వేటను గూర్చి పాత కుటుంబములవారు నేటికిని కన్నులు మెఱయ చెప్పుకొందురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత అది మాటలకే మిగిలినది, మిగులుటయే మేలు. నేను చెప్పునది, శాలలలో కట్టి దాణాపెట్టి పెంచిన తెల్లని సీమపంది మాంసము. దానిని తెలిసిన చోటనే కొనవలెను. ముక్కను కోసి వెలుతురున చూచినప్పుడు కండలో సగ్గుబియ్యపు గింజలవంటి తెల్లని తిత్తులు కనబడినచో, ఎంత తక్కువ ధరయైనను ముట్టరాదు. అవి బద్దెపురుగు పిల్లలు. సరిగా ఉడకని అట్టి మాంసము తిన్నవాని ప్రేవులలో పురుగు పెరుగును. దాని గ్రుడ్లు మురికిచేతులతో నోటికి చేరినచో మెదడుకెక్కి మూర్ఛలు తెచ్చును. ఎఱుపు చాయ యించుకయు మిగులకుండ ఉడికించుట ఈ వంటలో విధి. నేను పోయిన యంగడివాడు నా ప్రశ్నలన్నింటికి విసుగుకొనక, ముక్కను రెండుగా చీల్చి చూపి, నేను కొవ్వు తీసివేయుమనగానే చేయి ఆపి, "ఆయ్, కొవ్వు తీసేయమంటారేంటండి బాబూ, రుచంతా అందులోనే ఉందండి" అనెను. అతడు చెప్పినది నిజము. జబ్బమాంసమును చర్మముతో, కొవ్వుతో కిలో తెచ్చితిని.

మా అమ్మ వేటమాంసము తినును, ఇది తినదు. వంటగదిలో వలదని, పెరటిలో మూడు రాళ్ళ పొయ్యి పెట్టించి, పులుసులకు వాడిన పాత మట్టిదాక యొకటి అటకమీదినుండి తానే దింపి యిచ్చినది. కొబ్బరిడొక్కలు రాజవేసి, నూనె వేయకయే ముందు కొవ్వుముక్కలను దాకలో పఱచితిని. అవి తమ నేతిని తామే విడిచి, అంచులు ఎఱ్ఱబడి, చిటపటలాడుచుండగా, తక్కిన ముక్కలను వేసి, ఒకవైపు కాలనిచ్చి మఱియొక వైపునకు త్రిప్పితిని. తడి ముక్కలు వేగవు, ఊరికే ఉడుకును. కనుక గుడ్డతో అద్ది వేయవలెను. పిమ్మట మూడు పెద్ద ఉల్లిపాయల చీలికలు, వెల్లుల్లి రెబ్బలు. అవి మెత్తబడగా డజను మిరియాలు, నాలుగు లవంగములు, బిరియానీ ఆకు ఒకటి, చెంచాడు షాజీరా.

ఇక పుల్లకూర. అమ్మమ్మ మాట తలచి మొదటిసారి దానిని చివర వేసితిని, అది తప్పైనది. మాంసము మాంసముగను, ఆకు ఆకుగను నిలిచి, ఒకే విస్తరిలో కూర్చుండిన పరిచయము లేని యిరువురివలె నుండెను. ఆకు మాత్రము పంటి క్రింద గట్టిగనే యుండెను. ఆలోచింపగా అమ్మమ్మ సూత్రము తప్పు కాదు, నేను దానిని అన్వయించుట తప్పు. పులుపులో పప్పు ఉడకదని గదా ఆమె చెప్పినది. ఈ ఆకు పులుపులోనే ఊరి పులుపులోనే యున్నది గనుక తానును త్వరగా ఉడకదు. గోంగూర క్షణములో కరగిపోవు ఆకు. దానిని మాంసము కనిపెట్టుకొని యుండవలెను. క్యాబేజీ ఓపిక గలది. అది మాంసముతో పాటు నడువవలెను. కొవ్వుగల జబ్బమాంసము రెండు గంటలు సన్నని సెగను పులుపులో నున్నను బిగియదు. చర్మము, నరములు కరగి జిగురై పులుసును చిక్కబరచును. రెండవసారి కిలో పుల్లకూరను ఒక్కమారు నీళ్ళలో ముంచి పిండి మొదటనే కలిపి, చిట్టి బెల్లపుముక్క వేసి, రెండు గ్లాసుల నీరు పోసి మూత పెట్టితిని. ఉప్పు వేయలేదు, జాడీలోనిది చాలును. బంగాళాదుంపలను మాత్రము వేఱుగా ఉడికించి చివర కలిపితిని. పులుపులో వేసినచో అవియు పప్పువలె మొండికేయును.

రెండున్నర గంటలు. మొదటి గంట పెరటంతయు ఘాటైన పులుపు వాసన; ప్రక్కింటివారు గోడమీదుగా ఏమి వండుచున్నారని యడిగిరి. రెండవ గంటకు ఆ ఘాటు తగ్గి, ఉల్లి తీపియు, కొవ్వు కమ్మదనమును పైకి వచ్చినవి. మూత తీసినప్పుడు ఆకు తేనెరంగునకు తిరిగి, ప్రతి పోగును నిగనిగలాడుచు, గరిటె తగులగనే ముక్క విడివడుచుండెను. జర్మనులు దీనిని దుంపలతోను రొట్టెతోను తిందురు. మాకు అన్నమే, మా పశ్చిమగోదావరి మారుటేరు క్షేత్రమున రూపొంది 1982లో విడుదలైన స్వర్ణ బియ్యపు అన్నము, పొగలు వెడలుచుండగా నడుమ గుంటచేసి, అందులో పులుసుతో కూడ రెండు గరిటెలు. పిల్లలు మొదట ఆకును ప్రక్కకు నెట్టి ముక్కలేరుకొనిరి. రెండవ వడ్డనకు ఆకే యడిగిరి. మిగిలిన దానిని మఱునాడు వేడిచేసి తింటిమి. గోంగూర వేటమాంసమునకువలె దీనికిని మఱునాటి రుచియే రుచి.

మా అమ్మ దాకవైపు రాలేదు. అయితే జాడీ యడుగున మిగిలిన పిడికెడు పచ్చి పుల్లకూరను గిన్నెలోనికి తీయించి, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువతో పోపు పెట్టి, ముద్దపప్పు అన్నములో నంజుకొని, మాటాడక రెండు ముద్దలు తినినది. మూడవ ముద్ద కలుపుచు, "వచ్చే ఏడాదికి పచ్చిమిరపకాయలు కూడా చీల్చి వెయ్యి. చిన్న జాడీ చాలదు" అనెను. ఆ సాయంకాలము ఆమెయే జాడీని చింతపండుతో తోమి, వేడినీళ్ళు పోసి కడిగి, ముక్కు లోపల పెట్టి వాసన చూచి, పెరటి గోడమీద బోర్లించినది. ఆవకాయకు ఇంకను మూడు నెలలు గలవు.